చెవితో వండే పాకం

జార్జియా రాష్ట్రపు దక్షిణపు కొసన ఉన్న కౌంటీలను చూడడానికి ఎవరూ సెలవు పెట్టుకుని వెళ్ళరు. అక్కడ సముద్రం లేదు, కొండ లేదు, పేరున్న భవనం లేదు. పత్తిచేలు, పైన్ తోటలు, ఎర్రమట్టి దారులు, వాటి మీద నెమ్మదిగా కదిలే పొగమంచు ఉన్నాయి. మమ్మల్ని అక్కడికి లాగినవి మూడేసి నిమిషాల వీడియోలు.

అక్కడికి ఉత్తరాన, కారులో రెండు రోజుల దూరంలో, హెర్న్‌డన్‌లోని మా ఇంట్లో భోజనాలయ్యాక బట్టలు మడతపెడుతూ నా భార్య సరళ వాటిని చూసేది. తీసే ఆమె పేరు లొరీన్. బడి బస్సు నడిపి రిటైరయిన మనిషి. చవక కెమెరా ఒకటి పట్టుకుని తన కౌంటీలోనూ చుట్టుపక్కల కౌంటీలలోనూ కంటబడినదాన్నల్లా తీసి అంతర్జాలంలో పెట్టేది. ఒక పక్కకు ఒరిగిన పొగాకు కొట్టం, రోడ్డు దాటుతున్న తాబేలు, చర్చి వెనక చేపలు వేయిస్తున్న ఆడవాళ్ళు. వాటిలో మాటలుండవు. మైకును రాసుకుపోయే గాలి, దూరంగా ఏదో ట్రాక్టరు, అంతే. సరళ చేతిలో సగం మడిచిన తువ్వాలు అలాగే ఉండిపోయేది.

నేను నీటి పరీక్షలు చేసే ప్రయోగశాలలో రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. ఎవరేమన్నా ఆధారం అడగడం నా వృత్తి. ‘కౌంటీలోకెల్లా పాత వంతెన’ అని వీడియో కింద రాసి ఉంటే, మిగిలిన వంతెనల వయసు ఎవరు లెక్కగట్టారని సోఫాలోంచే అడిగేవాణ్ణి. “మీరు చూడొద్దండీ బాబూ, నేను చూసుకుంటన్నాను కదా” అనేది సరళ.

ఒకరోజు చెరకు పాకం వీడియో వచ్చింది. ఇటుకల పొయ్యి మీద పెద్ద ఇనప పెనం, ఆవిరిలో నిలబడ్డ ముసలాయన. కింద లొరీన్ రాసిన వాక్యం: ‘నాన్న చెవితో వండుతాడు.’ ఉడుకు చప్పుడు మారగానే ఆయన నిప్పు లాగేస్తాడట. సరళది అనకాపల్లి దగ్గర బెల్లం వండే కుటుంబం. పాకాన్ని చేత్తో చూసినవాళ్ళున్నారు, కంటితో చూసినవాళ్ళున్నారు, చెవితో చూసినవాళ్ళను తానెరగనని ఆమె వీడియో కింద రాసింది. లొరీన్ జవాబిచ్చింది. అలా ఒకరికొకరు రాసుకుంటూ స్నేహితులయ్యారు. 2011 వేసవిలో ఆ ముసలాయనకు పక్షవాతం వచ్చింది. ఈ ఏడు పాకం తానే వండాలని, వచ్చి తోడుండమని లొరీన్ పిలిచింది. చలి మొదలయ్యే రోజుల్లో సరళ స్నేహం కోసం బయలుదేరింది. నేను ఆ వాక్యం నిజమో కాదో తేల్చడానికి థర్మామీటరు, చిన్న గాజు సీసాల పెట్టె తీసుకుని బయలుదేరాను.

ఉప్పునీళ్ళ వేరుశనగ

మొదటి రోజు సౌత్ కరొలైనాలో హైవే దిగాక, రోడ్డు పక్కన ఒకాయన పెద్ద డేగిసాలో వేరుశనగకాయలు ఉడకబెడుతూ కనిపించాడు. సంచీ మూడు డాలర్లు. మమ్మల్ని చూసి, ఇవి దక్షిణాది వాళ్ళు తప్ప ఇంకెవరూ తినలేరని ముందే హెచ్చరించాడు. సరళ ఒక కాయను పంటితో చిట్లించి, ఉప్పునీళ్ళు పీల్చి, గింజలు నోట్లో వేసుకుని, తొక్కను వేళ్ళ సందున పట్టుకుని ఇంకో కాయ తీసింది. ఆయన కాసేపు చూసి, మీది ఏ రాష్ట్రమని అడిగాడు. ఆంధ్రప్రదేశ్ అంటే, అది అలబామాకు అవతలా అన్నాడు. చాలా అవతల అన్నాను.

మన కాయల కంటే ఇవి మెత్తన. మనం ఒక ఉడుకు రానిచ్చి దింపుతాం. వీళ్ళు పూటంతా ఉంచుతారు. గింజ చిక్కుడు గింజలా అయిపోతుంది. ఉప్పు ఎంత పాళ్ళలో వేస్తారని అడిగితే చాలినంత అన్నాడు. ఆ కొలత నాకు మా అమ్మ వంటింట్లో పరిచయమే.

పైకి దొర్లే కారు

మరునాడు జార్జియాలోకి వచ్చాక లొరీన్ వీడియోల్లోని ఒక చోటును స్వయంగా చూడాలనుకున్నాను. అక్కడ కారును న్యూట్రల్‌లో వదిలితే అది ఎత్తు మీదికి దానంతటదే వెళుతుందని చెబుతారు. పైన్ చెట్ల మధ్య రోడ్డు. మధ్యాహ్నపు ఎండ ఆకుల్లోంచి పాలపొడిలా రాలుతోంది. బ్రేకు వదిలాను. నిజంగానే కారు ఎత్తు వైపు కదిలింది. సరళ అద్దం దించి, చేయి బయటపెట్టి, పడవలో ఉన్నట్టు కూర్చుంది.

నేను కారు ఆపి, సగం నీళ్ళున్న సీసాను రోడ్డు మీద పడుకోబెట్టాను. నీటి మట్టం అబద్ధమాడదు. ఎత్తుగా కనిపిస్తున్న వైపే పల్లం. చెట్లన్నీ ఒక పక్కకు వాలి పెరగడంవల్ల కన్ను మోసపోతోంది. ఇంతలో ఒక పికప్ ట్రక్కు ఆగి, బండి చెడిందా అని అందులోని ఆయన పలకరించాడు. లేదు, కొలుస్తున్నామన్నాను. దెయ్యం తోస్తుందని వాళ్ళమ్మ చెప్పేదట. కాదని సర్వేయరు ఎప్పుడో తేల్చాడట. అయినా ఏటా పిల్లల్ని తీసుకొస్తూనే ఉన్నానన్నాడు.

“నిజం తెలిసిపోయింది కదా,” అంది సరళ. “ఇంకోసారి వదలండి.”

వదిలాను. రెండోసారి కూడా పైకే వెళ్ళినట్టుంది.

వీడియోలో చూసిన దారి

ఆ కౌంటీలోకి వచ్చేసరికి సాయంత్రమైంది. పత్తి తీసేసిన చేలలో అక్కడక్కడ మిగిలిన దూది తెల్లగా మెరుస్తోంది. ఓక్ చెట్ల కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతోంది. సరళ మ్యాపు మూసేసి దారి చెప్పడం మొదలుపెట్టింది. “ఇప్పుడు తెల్ల చర్చి వస్తాది. దాని తరవాత తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు.” వచ్చాయి. జన్మలో ఎన్నడూ రాని చోట ఆమె సొంత ఊరిలో నడిచినట్టు మలుపులు చెబుతుంటే, నాకు ఏళ్ళుగా ఆ సోఫా పక్కన కూర్చుని నేను చూడనిదేదో ఆమె చూసిందనిపించింది. ఒక్క మలుపు మాత్రం తప్పింది. లొరీన్ ఆ రోడ్డును ఎదురు దిశ నుంచి తీసిందని తరువాత తేల్చుకున్నాను.

లొరీన్ పొడవాటి మనిషి. జుట్టు నెరిసి పొట్టిగా ఉంది. వీడియోల్లో ఎన్నడూ కనిపించని ఆమెను సరళ చూడగానే గుర్తుపట్టింది. వాళ్ళ నాన్న ఆర్లిస్ గారు వసారాలో చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడి చేయి ఒడిలో పడి ఉంది. మాట పూర్తిగా పోయింది. ఎడమ చేత్తో నా చేయి పట్టుకుని ఎంతోసేపు వదలలేదు.

భోజనానికి బిస్కెట్లు పెట్టారు. అవి మన టీలో ముంచుకునేవి కావు, అరచేయంత మెత్తటి రొట్టెలు. వాటి మీద నిరుటి చెరకు పాకం. చిక్కటి తేనెలా జారింది, వెనక సన్నటి పొగ వాసన. దానితో పాటు మన రవ్వ జావ లాంటి మొక్కజొన్న గ్రిట్స్. మనం జావలో బెల్లం వేసుకుంటాం, వీళ్ళు వెన్న, ఉప్పు వేసుకుంటారు. పాకాన్ని మాత్రం పంది మాంసంలో కూడా అద్దుకుంటారు. మేమిద్దరం శాకాహారులమని తెలిసి లొరీన్ ఒక పూట ముందే చిక్కుడు గింజలు విడిగా వండి ఉంచింది.

ఆ భోజనం దగ్గరే అసలు సంగతి తెలిసింది. లొరీన్ తమ్ముడు డేల్ లారీ నడుపుతాడు. చెరకు మడిలో చలికాలం పైన్ మొక్కలు నాటించాలని అతని నిర్ణయం. అరవై దాటిన అక్క ఈ చాకిరీతో కూలిపోతుందని అతని భయం. లొరీన్ బతిమాలితే ఒక షరతు పెట్టాడు. నాన్న తన బల్ల మీద పెట్టుకోదగ్గ పాకం ఆమె ఒక్క పెనం దింపితే తాను మడి జోలికి రాడు. ఆమె ఇప్పటికి రెండుసార్లు వండింది. మొదటిది తొందరపడి దింపితే పులిసిపోయింది, రెండోది మాడింది. ఇక ఒక్క పెనానికి సరిపడా చెరకే ఉంది. అది కాక గోడవారన పేర్చిన గడలు విత్తనానివి. అక్కడ చలికి గడలు చచ్చిపోకుండా ఏటా ఈ రోజుల్లో వాటిని చాళ్ళలో పరిచి, పైన మట్టి కప్పి, వసంతంలో తవ్వి నాటుతారు. అవి లేకపోతే మళ్ళీ ఏడు మడి లేదు.

పెనం దగ్గర

తెల్లవారగానే గానుగ తిరిగింది. ఒకప్పుడు కంచరగాడిద తిప్పేదట, ఇప్పుడు ట్రాక్టరు పట్టీ తిప్పుతోంది. గోనె గుడ్డలోంచి రసం పచ్చగా కారుతుంటే సరళ దోసిలి పట్టి తాగింది. డేల్ గడలు అందిస్తూ, అక్కను “బస్సు డ్రైవరమ్మా” అని ఆటపట్టిస్తూ ఉన్నాడు. పనిలో మాత్రం ఎక్కడా లోపం చేయలేదు. లొరీన్ కెమెరాను ఎప్పటిలాగే కొట్టం గుంజకు కట్టి వదిలేసింది.

రసం కాగుతున్నకొద్దీ కొట్టం నిండా తీపి ఆవిరి అలుముకుంది. మనుషులు అందులోంచి కొంచెం కొంచెంగా బయటపడి మళ్ళీ కరిగిపోతున్నారు. లొరీన్ జల్లి గరిటెతో ఆకుపచ్చ మడ్డి తీసి పారబోస్తోంది. కుర్చీతో సహా ఆర్లిస్ గారిని తెచ్చి పొయ్యికి కాస్త దూరంలో కూర్చోబెట్టారు. ఆయన కళ్ళు మూసుకున్నారు. మొదట రేకుల కప్పు మీద వాన పడినట్టున్న చప్పుడు మధ్యాహ్నానికి బరువెక్కింది. రసం చిక్కబడ్డకొద్దీ బుడగ పగలడానికి ఆలస్యమవుతుంది, చప్పుడు మందమవుతుంది. అది అసంభవమేమీ కాదు. అయితే పాకం సరిగ్గా ఎక్కడ నిలపాలో ఆ తేడా చెప్పగలదా అన్నదే ప్రశ్న.

చివరి దశలో నేను వేడి చూసి అంకె పైకి చదువుతూ, చదివిన ప్రతిసారీ గరిటెతో కొంత పాకం తీసి అంకె వేసిన సీసాలో పోశాను. ఎవరూ అడగలేదు. నమూనా తీయకుండా కొలత తీయడం నా చేతికి రాదు.

లొరీన్ ఇక ఆగలేక, నీ కంటికి ఎలా ఉందని సరళను అడిగింది. సరళ గిన్నెలో చన్నీళ్ళు తెచ్చి ఒక చుక్క వేసింది. అది కరిగి సాగింది. తను పుట్టినప్పటి నుంచి చూసిన పరీక్ష అది. నీళ్ళలో ఉండ కట్టనిదే పాకం దించరు. “ఇంకా రాలేదు,” అంది ధీమాగా. “ఉండపాకం రానీ.”

లొరీన్ ఆగింది. ఆర్లిస్ గారు అప్పటికే ఎడమ చేత్తో కుర్చీని దబదబా బాదుతున్నారు. చలేస్తోందనుకుని సరళ వెళ్ళి ఆయన భుజాల చుట్టూ శాలువా కప్పింది. ఆయన దాన్ని తోసేశారు.

ఉండ కట్టింది. సరళ సంబరంగా చేయి ఊపింది. లొరీన్ నిప్పు లాగింది. డేల్, ఆమె పొడుగు కాడల గిన్నెలతో ఎత్తి పోయడం మొదలుపెట్టారు. పాకం గిన్నె అంచునే పేరుకుపోతోంది. అప్పుడు గాని మాకు తట్టలేదు. వీళ్ళు వండేది బెల్లం కాదు. బిస్కెట్ మీద పోసుకునే ద్రవం గడ్డకట్టడమే వీళ్ళ భాషలో చెడిపోవడం. మేమిద్దరం కలిసి వాళ్ళ చివరి పెనాన్ని దివ్యమైన అనకాపల్లి బెల్లం చేసి పెట్టాం.

సరళ వెన్న రాసిన పళ్ళేల్లో దాన్ని పోసి, అలవాటు చొప్పున కలియబెడుతూ, కొంగు లేదు గనుక మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

సీసాలు

“అయితే తేలిపోయింది,” అన్నాడు డేల్. కోపంగా అనలేదు.

లొరీన్ గోడవారకు వెళ్ళి విత్తనపు గడలను చేతులనిండా ఎత్తుకుని గానుగ వైపు నడిచింది. ఇవి ఆడితే చిన్న పెనం పాకమవుతుంది, ఈసారి ఎవరినీ అడగనంది. సరళ ఆమె దారికి అడ్డంగా నిలబడింది. విత్తనం వండుకుని తినేస్తే మడి గెలిచీ లాభమేమిటని ఆమె అడుగుతుంటే, నాకు సీసాలు గుర్తొచ్చాయి.

వాటిని బకెట్ నీళ్ళలో పెట్టి చల్లార్చి, వెలుతురులో ఒక్కొక్కటీ వంచి చూశాను. మొదటివి నీళ్ళలా పరుగెత్తాయి. చివరివి కదల్లేదు. మధ్యలో ఒకటి, నాలుగోది, గాజు వెంట నెమ్మదిగా, వెడల్పాటి నాలుకలా దిగింది. డేల్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, వేలు ముంచి నాకాడు. తండ్రి దగ్గరికి వెళ్ళి, ఒక చుక్క ఆయన పెదవికి రాశాడు. ఆర్లిస్ గారు కొడుకు మణికట్టు పట్టుకుని సీసాను మళ్ళీ నోటి దగ్గరికి లాక్కున్నారు.

“అంటే ఇది వచ్చి పోయిందన్నమాట,” అన్నాడు డేల్. “ఎవరూ చూడలేదు.”

“నేను విన్నాను,” అంది లొరీన్ ఇటు తిరగకుండానే. “విని కూడా మిమ్మల్ని నమ్మాను.”

అలా తరువాత ఎవరైనా అనగలరు. ఆ మాట నేను పైకి అనలేదు గాని, గుంజ మీద కెమెరా ఇంకా నడుస్తోందని చెప్పాను. నలుగురం ఆ చిన్న తెర మీద వంగాం. ఆవిరి, వీపులు, నా గొంతు చదువుతున్న అంకెలు. నాలుగో సీసా ముందు ఉడుకు చప్పుడు ఒక్కసారి కిందికి దిగినట్టయింది. లొరీన్ చేయి నిప్పు లాగే పార కాడ మీదికి వెళ్ళింది. ఆ తరువాత కుర్చీ మీద ఆర్లిస్ గారి దెబ్బలు. వాటి తరువాత నా గొంతు, నాలుగో అంకె. చివరికి ‘ఇంకా రాలేదు’ అంటూ సరళ. పార మీది చేయి వెనక్కి వచ్చింది.

నేను వెనక్కి తిప్పి మరోసారి చూశాను, ఇంకోసారి చూశాను. తండ్రి బాదడం విని కాదు ఆమె చేయి కదిలింది. ఆమెదే ముందు.

“ఏం ప్రొఫెసర్ గారూ,” అన్నాడు డేల్, “అక్కకు వచ్చినట్టేనా?”

“ఒకసారి జరిగింది ఋజువు కాదు,” అన్నాను.

సరళ తెలుగులోకి దిగింది. “ఇప్పుడేటండీ మీ సైన్సు? మీకు దండం పెడతాను, ఊరుకోండి.”

ఊరుకోలేకపోయాను. ఒకసారి సరిగ్గా జరిగినదాన్ని యాదృచ్ఛికమని కొట్టేయడానికీ వీల్లేదు, నైపుణ్యమని ఒప్పుకోవడానికీ వీల్లేదని డేల్‌తో చెప్పాను. మళ్ళీ చేసి చూడాలి. అదే పొయ్యి, అదే పెనం, పక్కన మేము లేకుండా. అంతవరకు ఆమెకు రాదని తేల్చే హక్కు ఎవరికీ లేదు. నాకు లేదు, నీకూ లేదు.

“మళ్ళీ అంటే వచ్చే ఏడు.”

“పూర్తి పెనం కావాలి కదా. వచ్చే ఏడే.”

డేల్ టోపీ తీసి తల గోక్కుని, పళ్ళెంలో గడ్డకట్టిన బెల్లం ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. నములుతూ అక్క వైపు చూశాడు. ఆమె ఇంకా గడల మోపు మోస్తూనే నిలబడి ఉంది.

“అవి కింద పెట్టు,” అన్నాడు. “మొలక కళ్ళు విరగ్గొట్టేలా ఉన్నావు.”

మట్టి కింద

మర్నాడు మేము బయలుదేరవలసింది మధ్యాహ్నానికి వాయిదా పడింది. రాత్రి మంచు పడి మడి అంతా వెండి పూత పూసినట్టుంది. డేల్ ట్రాక్టరుతో చాళ్ళు తీశాడు. పైన్ మొక్కల ఆసామికి ఈ ఏడు వద్దని ఫోన్ చేశావా అని లొరీన్ అడిగితే, వచ్చే ఏటి దాకా ఆగమన్నానని మాత్రమే అన్నాడు. అంతకు మించి అతను మాట ఇవ్వలేదని ఇక్కడ రాయడం నా బాధ్యత.

మేము గడలను ఆకులు తీయకుండానే ఒకదాని మొదలు మీద ఇంకోదాని కొస వచ్చేలా పరిచాం. మన వైపు గడను ముక్కలు కోసి నాటుతారని సరళ చెబితే, ఇక్కడ కోస్తే కుళ్ళిపోతుందని లొరీన్ అంది. ఎంత లోతు మట్టి కప్పాలన్న దానిపై అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకున్నారు. ఆర్లిస్ గారి కుర్చీని చాలు గట్టున దించారు. ఆయన గడలను చాలాసేపు చూశారు. తరువాత ఎడమ కాలు ముందుకు చాచి, చెప్పు కొనతో ఒక మట్టిగడ్డను నెట్టారు. అది దొర్లి గడల మీద పడి, పగిలి, పరుచుకుంది. డేల్ పార అందుకున్నాడు.